మసక కిటికీ

ఫ్యాక్టరీలో సెరామిక్ పెంకులు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్ లిఫ్టు తలుపు లాగాడు. తలుపు తెరుచుకుంది కానీ వెనక లిఫ్టు లేదు. తొమ్మిదో అంతస్తు నుంచి కిందికి చేరేసరికి ఆయన కోటు జేబులో ఇంటి తాళాలు, దగ్గు బిళ్ళలు, రుమాల్లో చుట్టిన తెల్లటి పెంకు ముక్క ఒకటి ఉన్నాయి. తాళాలు, దగ్గు బిళ్ళలు ఆయన భార్యకిచ్చారు. రుమాలు మాత్రం పెదనాన్న బల్ల మీదికి వచ్చింది.

పెదనాన్న నిజానికి ఎవరికీ పెదనాన్న కాదు. దేశంలోకి చొరబడే విదేశీ ముఠాలను వెతికి పట్టుకునే శాఖకు అధిపతి. ఫోన్లు ఎవరైనా వింటే ఇంటి కబుర్లలా ఉండాలని ఆ శాఖలో అందరికీ చుట్టరికాల పేర్లు పెట్టారు. పరికరాలు తయారుచేసేవాడు బావ. శత్రు ముఠా పెళ్ళివారు. ఏజెంట్లలో అందరికన్నా ఎక్కువ అనుభవం ఉన్న ఆమె పిన్ని. నలభై ఆరేళ్ళు. ఎన్నో పేర్లతో ఎన్నో అద్దె ఇళ్ళలో ఉంది. ఏ ఇంటి నుంచీ ఎవరికీ చెప్పి రాలేదు.

"గోరుతో గీకి చూడు," అన్నాడు పెదనాన్న.

పిన్ని పెంకు ముక్కను గీకింది. సుద్దలా రాలింది.

"ఏంటిది?"

"ఉపగ్రహం ఇంజిన్ గోడ. రాకెట్ పైకి తీసుకెళ్ళి వదిలేశాక, ఉపగ్రహం పక్కకి జరిగిపోకుండా నిలబెట్టే చిన్న ఇంజిన్ ఉంటుంది. థ్రస్టర్. కరెంటుతో జినాన్ గ్యాస్‌ని వెలిగించి నీలం మంటలా బయటికి తోస్తుంది. ఆ మంట చుట్టూ ఉండే గోడ ఏళ్ళ తరబడి అరగకూడదు. ఇది నెలల్లో అరుగుతుంది. ఫ్యాక్టరీలో ఎవరో మార్చేశారు. ఇన్‌స్పెక్టర్ కనిపెట్టాడు. మనకి చెప్పేలోపు లిఫ్టు ఎక్కాడు."

"ఎక్కలేదు కదా."

"అదే."

"ఉపగ్రహం దేనికి?"

"తుఫాను ఎటు వస్తోందో చూసి పడవలకి చెప్పడానికి. అది పాడైతే ఆ కబురు మనం వేరేవాళ్ళ దగ్గర కొనుక్కోవాలి. అమ్మేవాళ్ళు కొట్టు తెరిచి కూర్చున్నారు. పెళ్ళివారు వాళ్ళ తరఫు మనుషులే."

"ఇంజిన్ని ఇప్పుడే ఆపించండి."

"ఏమని చెప్పను? చచ్చినవాడి జేబులో సుద్దముక్క దొరికిందనా? ఇది ఆ ఇంజిన్‌దేనని రుజువు లేదు. ఒకటి ఆలోచించు. ఆఖరి పరీక్ష లేజర్ ల్యాబ్‌లో. గోడ అరిగితే లేజర్‌కి దొరికిపోతుంది. అది తెలిసీ పెళ్ళివారు నిశ్చింతగా ఉన్నారు. అంటే ల్యాబ్ లోపల వాళ్ళ మనిషి ఉన్నాడు. ఎవరో చూడు."

"నేనేమని వెళ్ళాలి?"

"పోస్ట్‌డాక్‌గా. డాక్టరేట్ అయిన కుర్రవాళ్ళు ఏడాది కాంట్రాక్టు మీద పరిశోధన చేస్తుంటారు కదా. నీకూ లేజర్లలో డాక్టరేట్ ఉందిగా."

"ఈ వయసులో పోస్ట్‌డాకా?"

"నలభై ఆరేళ్ళ పోస్ట్‌డాక్‌ని చూసి అక్కడెవరూ అనుమానపడరు. జాలిపడతారు. జాలిని మించిన మారువేషం మన బావ కూడా కుట్టలేడు."

బావ కుట్టింది ఒక చేతి గడియారం. అందులో కెమెరా, రేడియో, మత్తు సూది ఉన్నాయి. మీట ఎక్కడుందో మూడుసార్లు చూపించాడు. "ప్రాణం పోయినా దీన్ని తియ్యకు," అన్నాడు.

ల్యాబ్ గుమ్మం దగ్గర మొదటి రోజే తియ్యాల్సి వచ్చింది.

"గడియారం, గాజులు, ఉంగరాలు అన్నీ ఈ ట్రేలో పెట్టేయండక్కా," అంది తలుపు దగ్గర నిలబడ్డ అమ్మాయి. "మెరిసే వస్తువు ఏదున్నా లేజర్ దాని మీద పడి ఎవరి కంట్లోకైనా దూకుతుంది. ఇక్కడ అందరం బోసి చేతులే."

అలా బావ గడియారం ఆ పని జరిగినన్ని రోజులూ ప్లాస్టిక్ ట్రేలో, ఎవరిదో తెగిన పట్టీ వాచీ పక్కన పడి ఉంది.

ఆ అమ్మాయిని ల్యాబ్‌లో అందరూ బుల్లి అంటారు. ముప్పై నాలుగేళ్ళు. మనిషి పొట్టి, ఎడమచేతి వాటం. లేజర్లు, అద్దాలు బిగించే ఆప్టికల్ టేబుల్ మధ్యకి చెయ్యి అందక పీట ఎక్కి పనిచేస్తుంది. ఆరేళ్ళుగా అదే ల్యాబ్‌లో పోస్ట్‌డాక్. ఏడాదికోసారి కాంట్రాక్టు. ఏడాది చివర ప్రొఫెసర్ కళ్ళజోడు తుడుచుకుంటూ "నిధులొస్తే చూద్దాం" అంటాడు. ఆయన చెడ్డవాడు కాదు. నిధుల కోసం తిరిగి తిరిగి ఎవరి మొహమూ సరిగా చూడటం మరిచిపోయిన మనిషి.

"పోస్ట్‌డాక్ అంటే ఏంటో తెలుసా అక్కా?" అంది బుల్లి మొదటి రోజు క్యాంటీన్‌లో. "ఏటేటా నిశ్చితార్థం చేస్తారు. పెళ్ళి మాత్రం చెయ్యరు. మీకెన్నో సంబంధం?"

"లెక్కపెట్టడం మానేశాను," అంది పిన్ని. అది అబద్ధం కాదు.

అద్దె కలిసొస్తుందని ఇద్దరూ ఒకే ఫ్లాట్‌లో ఉన్నారు. రెండు గదులు, కొళాయి కారే వంటగది. బుల్లి భర్త వేరే ఊళ్ళో బడిపంతులు. నాలుగేళ్ళ కూతురు అతని దగ్గరే ఉంటుంది. ఆ ఊళ్ళో లేజర్ ల్యాబ్ లేదు, ఈ ఊళ్ళో అతనికి ఉద్యోగం లేదు. నెలకోసారి బుల్లి వెళ్ళి వస్తుంది.

"వచ్చేటప్పుడు పాపకి చెప్పి రాను," అంది ఒకసారి గిన్నెలు తోముతూ. "మధ్యాహ్నం పడుకోబెట్టి వచ్చేస్తాను. చెబితే వాకిట్లో నా బ్యాగు పట్టుకుని వదలదు. ఇప్పుడేమైందంటే, నేను వెళ్ళినప్పుడు అది మధ్యాహ్నం నిద్రపోవడమే మానేసింది. కళ్ళు తెరిచి నన్నే చూస్తూ పడుకుంటుంది."

పిన్ని చేతిలోని గిన్నెను అవసరానికి మించి తుడిచింది. చెప్పకుండా వచ్చేయడం గురించి ఆమెకి ఒకరు చెప్పాల్సిన పనిలేదు.

"పర్మనెంట్ పోస్టు ఒక్కటి, మా ఆయన ఊళ్ళో దొరికితే చాలక్కా. ఇంకేం అడగను."

ల్యాబ్ మధ్యలో లారీ ట్యాంకరంత ఉక్కు చాంబర్ ఉంది. అందులోంచి గాలినంతా తోడేస్తే లోపల అంతరిక్షంలా ఖాళీ అవుతుంది. ఇంజిన్ని అక్కడే వెలిగిస్తారు. చాంబర్‌కి నాలుగు వైపులా అరచేతంత గుండ్రటి గాజు కిటికీలు. ఒక కిటికీలోంచి లేజర్ లోపలికి వెళ్ళి మంటకి తగులుతుంది. ఇంజిన్ గోడ అరుగుతుంటే దాని ధూళి మంటలో కలుస్తుంది. లేజర్ తగలగానే ఆ ధూళి మెరుస్తుంది. ఆ మెరుపును పక్క కిటికీలోంచి చూసి కొలుస్తారు. మెరుపు ఎక్కువైతే గోడ అరుగుతున్నట్టు, తక్కువైతే గట్టిదన్నట్టు.

ఆ కొలత అంతా గాజు మీదే ఆధారపడి ఉంది. మంటలోంచి ఎగిరే మసి గాజుకి లోపలివైపు పట్టి, రానురాను కిటికీ మసకబారుతుంది. మసక కిటికీలోంచి చూస్తే ఎంత మెరుపైనా తక్కువగానే కనిపిస్తుంది. అందుకని పరీక్షకి ముందు ప్రతి కిటికీలోంచి వెలుగు ఎంత వస్తుందో కొలిచి కంప్యూటర్లో పెడతారు. ఆ తర్వాత పరీక్ష అయ్యేదాకా గాజును ఎవరూ తాకకూడదు. బయటివైపు పడ్డ దుమ్ము కూడా తుడవకూడదు. ఆ దుమ్ము కూడా లెక్కలో భాగమే.

అయితే పరీక్షలు లేని రోజుల్లో బుల్లి గాజు తుడిచే తీరు చూడాలి. చేతికి గ్లవ్స్, పల్చటి కాగితం మీద ఒక్క చుక్క ద్రావకం, కాగితాన్ని గాజు మీద పరిచి ఒకే ఒక్క లాగు. ఎడమచేత్తో, కుడి నుంచి ఎడమకి, కిందికి వాలుగా. మళ్ళీ అదే కాగితం వాడదు. "రుద్దితే గీతలు పడతాయక్కా. గాజుకి నొప్పి తెలియకూడదు," అనేది. పిన్ని చదువుకున్న రోజుల్లో ఆమెకి నేర్పినవాళ్ళు కూడా అంత శుభ్రంగా చేసేవారు కాదు.

పిన్ని అనుమానం మొదట వేరే మనిషి మీదికి పోయింది.

లేజర్లమ్మే కంపెనీ నుంచి ఒక సేల్స్ మేడమ్ వారానికోసారి వచ్చేది. పట్టు చీర, నల్ల కళ్ళద్దాలు, ఆమెకన్నా ముందు గదిలోకి వచ్చే సెంటు. ప్రొఫెసర్‌కి కేటలాగులు చూపించి నవ్వేది. "నాకు సైన్సేం తెలుసండీ, అమ్ముకునేదాన్ని," అనేది. ఒకరోజు టేబుల్ పక్కన ఆమె పెన్ను మూత కిందపడింది. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుని వంగి, తడుముకుని మూత తీసుకుని, నిటారుగా నిలబడ్డాకే కళ్ళు తెరిచింది.

లేజర్ టేబుల్ ఎత్తుకి కళ్ళు దించకూడదు. దించాల్సి వస్తే మూసుకోవాలి. ఏళ్ళ తరబడి లేజర్ల మధ్య బతికినవాళ్ళకి తప్ప అది ఒంటికి పట్టదు. అమ్ముకునేదానికి ఆ అలవాటు ఎక్కడిది?

పిన్ని పది రోజులు మేడమ్ వెనక తిరిగింది. ఆమె దిగిన హోటల్ ఎదురుగా బస్టాపులో ముసలిదానిలా, బట్టల షాపులో అద్దం ముందు కొనుగోలుదారులా నిలబడింది. మేడమ్ మూడుసార్లు ఒక పెద్దమనిషిని కలిసింది. బూడిదరంగు సూటు, మెత్తని మాట. ఇంజిన్‌ని ఆమోదించే కమిటీకి అతను కన్సల్టెంట్. ఆ పది రోజుల్లోనే చాంబర్ తెరిచి ఇంజిన్ లోపల బిగించారు. పిన్ని ఆ రోజు ల్యాబ్‌లో లేదు, బస్టాపులో ఉంది.

పరీక్షకి ముందురోజు మధ్యాహ్నం ఆఫీసు వాష్‌రూమ్‌లో, పిన్ని చేతులు కడుక్కుంటుంటే పక్కన మేడమ్ వచ్చి నిలబడి లిప్‌స్టిక్ తీసింది.

"మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం," అంది అద్దంలోకి చూస్తూ. "మీ పెదనాన్న బాగున్నారా?"

అది శాఖలో గుర్తింపు మాట. పిన్ని కొళాయి కట్టలేదు. నీళ్ళ చప్పుడులో మాట్లాడటం మంచిది.

"బాగున్నారు. మోకాళ్ళ నొప్పులు. నువ్వు మన మనిషివా?"

"వాళ్ళ మనిషినని వాళ్ళనుకుంటున్నారు. జీతం ఇద్దరూ ఇస్తున్నారు. పది రోజుల్నుంచి నా వెనక తిరుగుతున్నావు, నీ చెప్పులు అరిగినందుకు జాలేసి చెబుతున్నాను. నీకు నా గురించి చెప్పలేదన్నమాట పెదనాన్న."

"ఆయన ఎవరి గురించి ఎవరికీ చెప్పడు. లేజర్ పని నీకెక్కడిది?"

"అయిదేళ్ళు పోస్ట్‌డాక్ చేశాను. ఆఖరి కాంట్రాక్టు అయిపోయిన వారానికి బూడిద సూటు మా గుమ్మంలో ఉన్నాడు. వాళ్ళు అలాగే పట్టుకుంటారు. డబ్బు చూపించరు. మన లాంటివాళ్ళం డబ్బంటే బెదిరిపోతాం. ఉద్యోగం చూపిస్తారు. పర్మనెంటు, పెన్షను, బల్ల మీద మన పేరుతో చెక్క పలక. అంతే, కరిగిపోతాం. నేను అప్పుడే పెదనాన్నకి ఫోన్ చేశాను. అందరూ చెయ్యరు."

"లోపల ఎవరు?"

"నాకు చెప్పలేదు. ముహూర్తం రేపే. సంతకం అవగానే ఇంజిన్ని పెట్టెలో పెట్టి లాంచ్ కేంద్రానికి తీసుకెళ్ళిపోతారు. తర్వాత ఎవరూ తెరిచి చూడరు." ఆమె లిప్‌స్టిక్ మూత పెట్టింది. "కాంట్రాక్టు ఎవరిది అయిపోతోందో చూసుకో."

పిన్ని నీళ్ళు కట్టింది. చేతులు తుడుచుకోవడం మరిచిపోయి నడవాలోకి వచ్చింది. కాంట్రాక్టు ఎవరిది అయిపోతోందో ఆమెకి తెలుసు. ఆ మనిషితో ఒకే కొళాయి కింద గిన్నెలు తోమింది.

తెలిసినా నమ్మలేదు. ఆ సాయంత్రం ఫ్లాట్‌లో బుల్లి పాప కోసం గౌనుకి గుండీలు కుడుతూ కూర్చుంటే, ఆ వంగిన తల చూసి, రుజువు కావాలి కదా అనుకుంది. రుజువు లేకపోతే బాగుండునని కూడా అనుకుంది.

మర్నాడు కమిటీ వచ్చింది. నలుగురు పెద్దలు, వెనక బూడిద సూటు కన్సల్టెంట్. అందరి గడియారాలూ ట్రేలోకి చేరాయి. అందరికీ ఆకుపచ్చ గాగుల్స్ ఇచ్చారు. అవి పెట్టుకుంటే లోకమంతా ఒకే రంగులో ఉంటుంది.

లేజర్ ఇంకా వెయ్యలేదు. తలుపు మీద ఎర్ర దీపం వెలగలేదు. పిన్ని గాగుల్స్ నుదుటి మీదికి తోసి చాంబర్ చుట్టూ నడిచింది. మొదటి కిటికీ మీద దుమ్ము. రెండోదాని మీద దుమ్ము. నాలుగోదాని మీద గాలి తోడే పంపుల నూనె ఆవిరితో కలిసి జిడ్డు దుమ్ము. మెరుపును కొలిచే మూడో కిటికీ మాత్రం బయటివైపు నీళ్ళలా మెరుస్తోంది. దాని చుట్టూ ఉన్న ఉక్కు అంచు మీద దుమ్ము ఎప్పటిలాగే ఉంది. గాజు ఒక్కటే శుభ్రం. అంచుకి దగ్గర్లో, కింద ఎడమవైపున, కాగితం ఆగిన చోట ఒక సన్నటి ఆరిన గీత.

కుడి నుంచి ఎడమకి, కిందికి వాలుగా, ఒకే ఒక్క లాగు.

ఆమె తల వంచి గాజు లోతుల్లోకి చూసింది. లోపలివైపు పల్చగా టీ రంగు ఉంది. అది నెల కిందట కొలిచిన గాజు కాదు. ఎప్పుడో పాత పరీక్షల్లో మసి పట్టి, బీరువాలో పడేసిన గాజు. ఇంజిన్ బిగించిన రోజున ఎవరో దాన్ని తెచ్చి ఇక్కడ పెట్టారు. పెట్టినవాళ్ళు బయటివైపు దుమ్ము ఉంచాలని మరిచిపోయారు. కాదు, ఉంచలేకపోయారు.

బుల్లి పీట ఎక్కి అద్దం సర్దుతోంది.

"బుల్లీ, ఒకసారి ఇటు రా."

"మొదలుపెడుతున్నారక్కా."

"రా."

గుమ్మం దగ్గర, గడియారాల ట్రే పక్కన నిలబడ్డారు. పంపుల హోరులో పక్కవాళ్ళకి మాట వినపడదు.

"మూడో కిటికీ ఎవరు తుడిచారు?"

బుల్లి ట్రేలోకి చూసింది. చాలా మామూలుగా, పనిలో ఏదో సందేహం అడిగినట్టు అంది.

"తుడవకుండా గాజు ఎలా బిగిస్తానక్కా. చేతులు ఒప్పుకోలేదు."

"ఎవరడిగారు?"

"కన్సల్టెంట్ గారు. మా ఆయన ఊళ్ళో కొత్త సంస్థ పెడుతున్నారట. పర్మనెంట్ పోస్టు. ఇంజిన్ మంచిదేనన్నారు, లేజరే ఎక్కువ చూపిస్తోందన్నారు. అంకె కొంచెం అందంగా వస్తే చాలన్నారు."

"నువ్వు నమ్మావా?"

"నమ్మాలని ఉండింది."

"ఆ ఇంజిన్ గోడ సుద్ద. ఆ సంగతి కనిపెట్టిన మనిషిని లిఫ్టు గోతిలోకి తోశారు. ఆయనకీ ఇల్లుంది."

బుల్లి మొహంలో రంగు పోయింది. తల ఎత్తి పిన్నిని మొదటిసారి చూస్తున్నట్టు చూసింది.

"మీరెవరక్కా?"

పిన్ని ఆ ప్రశ్నని దాటేసింది. "నా మాట విను. నువ్వు నోరు తెరిచి చెబితే ఒక రకం. మేం పట్టుకుంటే ఇంకో రకం. ప్రొఫెసర్ సంతకం పెట్టేలోపు నువ్వే చెప్పు. అంతవరకు ఆగుతాను."

"చెబితే నన్ను మళ్ళీ ఏ ల్యాబూ గుమ్మం తొక్కనివ్వదు."

"నిజమే."

"ఇన్నేళ్ళు పాపని నిద్రపుచ్చి వచ్చింది దీనికోసమే కదా. మరి దానికి నేనేం చెప్పుకోవాలి?"

లోపలి నుంచి ప్రొఫెసర్ గొంతు వినపడింది. "బుల్లీ, ఎక్కడున్నావ్? పెద్దవాళ్ళు వెయిటింగ్."

ఎర్ర దీపం వెలిగింది. లైట్లు తగ్గించారు. చాంబర్ లోపల ఇంజిన్ నిశ్శబ్దంగా నీలం ఊపిరి వదిలింది. లేజర్ దాన్ని తాకింది. తెర మీద గీత ఒకటి లేచి, కొంచెం ఊగి, నేలబారుగా పాకడం మొదలుపెట్టింది. ఎంత తక్కువంటే కమిటీ పెద్దల్లో ఒకాయన పక్కాయన చేతిని మెల్లిగా తట్టాడు.

"అద్భుతంగా ఉంది," అన్నాడు కన్సల్టెంట్ మెత్తగా. "గోడ కాదు, వజ్రం. ఇంక సంతకం కానివ్వండి సార్, బండి బయట ఆగి ఉంది."

ప్రొఫెసర్ ధ్రువపత్రం ముందుకు లాక్కున్నాడు. ఈ సంతకంతో వచ్చే అయిదేళ్ళ నిధులు వస్తాయి.

పిన్ని తలుపు పక్కన నిలబడింది. భుజం పక్కన గోడకి అత్యవసరంగా లేజర్ ఆపే ఎర్ర బటన్. బొటనవేలు దాని మీద ఉంది. ప్రొఫెసర్ వెనకే బుల్లి నిలబడి ఉంది. గాగుల్స్ వెనక ఆ కళ్ళు కనిపించడం లేదు. చెప్పు తల్లీ, అనుకుంది పిన్ని. చెప్పు.

ప్రొఫెసర్ పెన్ను మూత తీశాడు. తేదీ వేశాడు. కన్సల్టెంట్ బుల్లి వైపు చూసి చిరునవ్వు నవ్వాడు. పెన్ను మొన సంతకం గీత దగ్గరికి వచ్చింది. పిన్నికి తుఫానులో ఉన్న పడవలు గుర్తొచ్చాయి. ఆగలేదు.

బటన్ నొక్కింది.

ఠప్పున లేజర్ ముందు ఇనుప రెక్క పడింది. సైరన్ మోగింది. లైట్లు వెలిగాయి. అందరూ తలుపు వైపు తిరిగారు. పిన్ని మాత్రం బుల్లినే చూస్తోంది. బుల్లి పెదవులు విడివడి ఉన్నాయి. చెయ్యి ప్రొఫెసర్ భుజం మీదికి సగం దాకా లేచి ఉంది. ఏదో అనబోయిందో, అప్పటికే అన్నదో, ఆ ఇనుప రెక్క చప్పుడులో ఎవరికీ వినపడలేదు.

"ఏంటిది? ఎవరు ఆపమన్నారు?" ప్రొఫెసర్ లేచి నిలబడ్డాడు.

"గాగుల్స్ తీసెయ్యండి సార్. లేజర్ ఆగింది."

పిన్ని మామూలు టార్చి తీసుకుని మొదటి కిటికీలోంచి లోపలికి వేసి, ఎదురుగా ఉన్న రెండో కిటికీ దగ్గర తెల్ల కార్డు పట్టుకుంది. కార్డు మీద తెల్లటి గుండ్రం పడింది. తర్వాత నాలుగో కిటికీలోంచి టార్చి వేసి మూడోదాని దగ్గర కార్డు పట్టుకుంది. ఈసారి గుండ్రం టీ రంగులో, సగం వెలుగుతో పడింది. నలుగురు పెద్దలూ దగ్గరికి వచ్చి చూశారు. ఎవరికీ ఏమీ వివరించనక్కర్లేకపోయింది.

ప్రొఫెసర్ కార్డు వైపు చూశాడు, కిటికీ వైపు చూశాడు, ఆఖరికి బుల్లి మొహంలోకి చూశాడు. ఆరేళ్ళలో ఆయన ఆ మొహాన్ని నేరుగా చూడటం అదే మొదటిసారేమో.

"నువ్వా అమ్మా?" అన్నాడు.

బుల్లి తల ఊపింది.

ఈ గొడవలో కన్సల్టెంట్ ట్రేలోంచి తన గడియారం తీసుకుని మెట్లు దిగిపోయాడు. కింద సేల్స్ మేడమ్ కారు ఇంజిన్ ఆన్ చేసి తయారుగా ఉంది. "తొందరగా ఎక్కండి సార్," అంది. వెనక తలుపు తీసి కూర్చున్నాడు. పక్క సీట్లో పెదనాన్న మోకాళ్ళు రుద్దుకుంటున్నాడు.

"రండి పెళ్ళివారూ," అన్నాడు. "ప్రయాణం బాగా జరిగిందా?"

కిటికీ మార్చి మళ్ళీ పరీక్ష చేస్తే గీత పైకి లేచి తెర అంచు దాటిపోయింది. ఇంజిన్ని తిప్పి పంపారు. ఫ్యాక్టరీలో ఇద్దరిని, లిఫ్టు మెకానిక్‌ని ఒకడిని పట్టుకున్నారు. పడవలవాళ్ళకి ఇదేమీ తెలియదు. తెలియాల్సిన అవసరం కూడా లేదు.

పిన్ని రిపోర్టు చదివి పెదనాన్న కళ్ళజోడు తీశాడు.

"అమ్మాయి తనంతట తనే ముందు నోరు విప్పింది, ఆ తర్వాతే నువ్వు బటన్ నొక్కావు అని రాశావు."

"అవును."

"అబద్ధం."

"నాకూ తెలియదు. నేను ఇంకో అరక్షణం ఆగి ఉంటే తెలిసేది. ఈ ఉద్యోగంలో నేను రాసినవాటిలో నిజానికి దగ్గరగా ఉన్నది ఇదే, ఉండనివ్వండి."

పెదనాన్న సంతకం పెట్టాడు. బుల్లికి జైలు తప్పింది. కానీ ఇంకెప్పుడూ ఏ ప్రయోగశాలలోనూ పనిచేయకూడదన్న ఉత్తర్వు మాత్రం తప్పలేదు.

బుల్లి వెళ్ళిపోయే రోజు పిన్ని బస్టాండుకి వెళ్ళింది. వెళ్ళకూడదని నియమం. పని అయ్యాక మాయమైపోవాలి, ఎప్పటిలాగే. ప్లాట్‌ఫారం చివర బుల్లి భర్త పెట్టెలు బస్సు మీదికి అందిస్తున్నాడు. పాప తల్లి కొంగు పట్టుకుని ఆమె అడుగు తీస్తే తనూ అడుగు తీస్తోంది.

"ఇంక నేనూ మీ ఇంటికే వస్తున్నా, వదులు," అంటోంది బుల్లి. పాప వదల్లేదు. నమ్మే అలవాటు తప్పిపోయింది దానికి.

పిన్నిని చూసి బుల్లి కొంచెం ఆగింది.

"నన్ను చెప్పి వెళ్ళమని వచ్చారా, మీరు చెప్పి వెళ్ళడానికి వచ్చారా?"

"ఒకసారైనా చెప్పి వెళ్దామని."

"ఆరేళ్ళు అడిగాను అందరం ఒకే ఇంట్లో ఉండాలని. ఇలా తీరింది." బుల్లి నవ్వబోయి మానేసింది. తన చేతులు చూసుకుంది. "వీటికి ఇంకేం పని చెప్పాలో తెలియట్లేదక్కా. పొద్దున్న బాత్రూమ్ అద్దం తుడిచాను. ఒకే లాగు."

"ఆ రోజు బటన్ నొక్కేముందు నువ్వు ఏమన్నావు?"

బుల్లి ఆమె కళ్ళలోకి సూటిగా చూసింది. డ్రైవరు హారన్ కొట్టాడు.

"ముందు మీ అసలు పేరు చెప్పండి. అప్పుడు నేనూ చెబుతాను."

పిన్ని నోరు తెరిచింది. ఆ పేరు పలికి ఎన్నేళ్ళయిందో, ఎవరితో అన్నదో గుర్తు తెచ్చుకునేలోపే బుల్లి పాపనెత్తుకుని బస్సెక్కింది, కండక్టరు తలుపు వేశాడు. బస్సు కదిలింది. పాప కిటికీలోంచి తల్లి మెడ చుట్టూ రెండు చేతులూ వేసి పట్టుకుని కనిపించింది. బుల్లి వెనక్కి తిరిగి చూడలేదు.

బస్టాండు బెంచీ మీద కూర్చుని పిన్ని ఫోన్ తీసింది. పెదనాన్న మరో ఊరు, మరో పేరు పంపి ఉంటాడనుకుంది. కానీ ఆ మెసేజ్ ల్యాబ్ ఆఫీసు నుంచి వచ్చింది. మసక కిటికీని పట్టుకున్న పోస్ట్‌డాక్ చురుకుదనాన్ని మెచ్చుకుంటూ ప్రొఫెసర్ సిఫారసు చేశారనీ, అనుకోకుండా ఒక ఖాళీ ఏర్పడినందున ఆ స్థానంలో ఆమెను పర్మనెంటుగా నియమించడానికి సంస్థ సంతోషిస్తోందనీ అందులో ఉంది. దేశంలో ఎన్నో ఏళ్ళుగా ఎవరికీ దొరకని ఆ ఉద్యోగం ఆఖరికి దొరికింది, అసలు లేని మనిషికి.